డోర్ నంబరు మనిషి కాదు

క్యారీలో ఇళ్ళకి బేస్‌మెంట్లు అరుదు. అందుకు బదులు గరాజ్ నెత్తిన ఓ గది కట్టి, దానికి బోనస్ రూము అని పేరు పెడతారు. ఇల్లు కొనేటప్పుడు అందులో హోమ్ థియేటర్ పెడదామనుకుంటాం. కొన్నాక అందులోకి చేరేవి ఖాళీ సూట్‌కేసులూ, పాత కంప్యూటర్లూను. మా ఇంట్లో అలా చేరిన వాటిలో ఓ వర్క్‌స్టేషన్ ఉంది. ఆఫీసులో కొత్తవి దిగినప్పుడు పాతవాటిని కారుచౌకగా ఇచ్చేస్తుంటే ఆశపడి తెచ్చుకున్నది. పన్నెండు కోర్లు, అరవైనాలుగు గిగాబైట్ల మెమరీ. మా అమ్మాయి హోంవర్కుకి అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. కిందటి డిసెంబరు సెలవులకి మా తోడల్లుడి పిల్లలిద్దరూ షార్లెట్ నుంచి వచ్చినప్పుడు, ముగ్గురికీ మూడు కంప్యూటర్లెందుకు, దీన్నే ముగ్గురికీ పంచుదాం అనే బుద్ధి పుట్టింది నాకు. (ఇంట్లో నాలుగు లాప్‌టాప్‌లు ఉండగా ఇదెందుకని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.)

పంచడం పెద్ద కష్టమేమీ కాదండీ. ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి తోడు చవకరకంవి మరో రెండు, మూడు మానిటర్లు, మూడు కీబోర్డులు, మూడు మౌసులు. ఏ కార్డూ, ఏ యూఎస్‌బీ హబ్బూ ఏ సీటువో లినక్స్‌కి ఒకసారి చెప్పేస్తే చాలు, మూడు తెరల మీదా మూడు వేర్వేరు లాగిన్‌లు వస్తాయి. ఒక మధ్యాహ్నం పని. పిల్లలు పక్కపక్కనే కూచుని ఎవరి గొడవలో వాళ్ళు పడ్డారు. నేను కింద కూచుని కాఫీ తాగుతూ, ఒక్క డబ్బాతో మూడు కుటుంబాల పని చేయించానన్నంత గర్వపడ్డాను.

ఆ గర్వం శనివారం దాకానే. ఆ వేళ ముగ్గురూ ఓ ఆన్‌లైన్ లెక్కల పోటీకి అభ్యాస పరీక్ష రాసారు. ఎవరి ఖాతా వాళ్ళదే. ముందుగా ముగించిన చిన్నవాడికి మార్కులొచ్చాయి. తరవాత ముగించిన ఇద్దరికీ వచ్చిన సందేశం సారాంశం ఇది: ఈ చిరునామా నుంచి ఇదివరకే ఒకరు పరీక్ష రాసారు, ఒకే వ్యక్తి ఒకటికి మించి ఖాతాలు వాడటం నిబంధనలకి విరుద్ధం, అందువల్ల మీ ఫలితం రద్దు.

మా అమ్మాయి కిందకి దిగొచ్చి, "నేనేం తప్పు చేసాను నాన్నా?" అంది. మామూలుగా మాతో ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల. తెలుగులో అడిగిందంటే సంగతి చిన్నది కాదన్నమాట.

నిర్వాహకులకి మర్యాదగా ఓ ఈమెయిలు రాసాను. రెండ్రోజులకి జవాబొచ్చింది. ముగ్గురూ మూడు వేర్వేరు చోట్లనుంచి రాసినట్టు ఆధారం పంపితే పరిశీలిస్తారట. ముగ్గురూ ఒకే గదిలో, ఒకే కంప్యూటర్ ముందు కూచుని రాసారని నేను రాసిన ఉత్తరంలోనే ఉంది. ముగ్గురు మనుషులని నేను మొరపెట్టుకుంటుంటే, మూడు చోట్లేవీ అని వాళ్ళు అడుగుతున్నారు.

ఆ పోటీవాళ్ళని ఒక్కళ్ళనే తిట్టి లాభం లేదు. మీరూ నేనూ రోజూ రాసే ప్రోగ్రాముల్లో ఉన్నదీ ఇదే లెక్క: ఒక ఐపీ చిరునామా, ఒక మనిషి. నిమిషానికి ఇన్ని విన్నపాలే అని గేటు పెట్టినా, ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే తలుపు మూసినా, మనం లెక్కపెట్టేది చిరునామాలని. చిరునామా అంటే డోర్ నంబరు. ఆ ఇంట్లో ఎందరున్నారో అది చెప్పదు. ఈ సంగతి మన ఊళ్ళో రేషన్ డిపో వాడికి కూడా తెలుసు. కార్డు ఇంటికొకటే అయినా, బియ్యం తూచేది ఆ కార్డులో ఎక్కిన మనుషుల లెక్కన.

విచిత్రం ఏమిటంటే, ఇంటర్నెట్ పుట్టిన రోజుల్లో మా బోనస్ రూము లాంటివే ఎక్కువ. ఐపీవీ4 ని నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 791 వచ్చింది 1981లో. అప్పటికి కంప్యూటరంటే విశ్వవిద్యాలయానికో, డిపార్ట్‌మెంటుకో ఒకటి. దానికి టెర్మినల్స్ తగిలించుకుని పదులమంది ఒకేసారి పనిచేసేవాళ్ళు. చిరునామా యంత్రానికి ఇచ్చారు, మనుషుల లెక్క ఆ యంత్రం చూసుకునే పెద్దమనిషికి వదిలేసారు. ఎవరైనా అల్లరి చేస్తే బయటివాళ్ళు ఆయన్నే అడిగేవాళ్ళు. ఆ అడగడానికి కూడా ఓ పద్ధతి ఉండేది. ఆర్‌ఎఫ్‌సీ 1413, 1993లో వచ్చింది. ఐడెంట్ అని పేరు. "మీ దగ్గర్నుంచి నా దగ్గరికి ఈ పోర్టు మీదుగా ఒక కనెక్షన్ వచ్చింది, అది మీలో ఎవరిది?" అని అవతలి సర్వర్ 113వ పోర్టు తట్టి అడిగితే, ఇవతలి యంత్రం యూజర్ పేరు చెప్పేది. ఐఆర్‌సీలో కబుర్లు చెప్పుకున్న పాతకాపులకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. జవాబు నిజమే అని నమ్మడానికి ఆధారం ఏమీ లేదు, ఇంటిపెద్ద మాట మీద గౌరవం తప్ప. తరవాత ఎవరి పీసీకి వాళ్ళే ఇంటిపెద్దలయ్యారు, ఆ ప్రశ్నకి విలువ పోయింది. ఇప్పుడు 113వ పోర్టు తెరిచి ఉంచితే సెక్యూరిటీ వాళ్ళు వచ్చి మందలిస్తారు.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి చూడండి. ప్రాసెసర్‌ని మనుషుల మధ్య పంచగలదు. మెమరీకి హద్దు పెట్టగలదు. డిస్కు కోటా మనిషి లెక్కన పెట్టడం 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లోనే ఉంది. నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, లోపల ఎంతమంది ఉన్నా బయటికి వెళ్ళేది ఒకే ముఖంతో. ఎవరు ఎంత లాక్కుంటే అంత.

ఇది నా గరాజ్ మీది సరదాకి సంబంధించిన గొడవే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 బడుల్లో 18 లక్షలమంది పిల్లలకి కంప్యూటర్లు అందించడానికి ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ సరుకుని ఎంచుకుంది. ఆ కంపెనీ సరుకుల్లో ఒకదాని పేరు ఎక్స్300. పీసీలో ఓ కార్డు గుచ్చుతారు, దాన్నుంచి మూడు కేబుళ్ళు మూడు చిన్న డబ్బాలకి వెళతాయి, ఒక్కో డబ్బాకీ ఓ మానిటర్, కీబోర్డు, మౌసు. పీసీ ముందు కూచున్న పిల్లాడితో కలిపి నలుగురు. డబ్బు ఆదా, కరెంటు ఆదా, బాగుచేయాల్సిన యంత్రాలు నాలుగో వంతు. నాకు నచ్చిన ఆలోచన ఇది. పది పీసీలు కొనే డబ్బుతో పదిమందికే చదువు చెప్పడం కన్నా ఎక్కువమందిని కూచోబెట్టడం మేలని ఎవరైనా ఒప్పుకుంటారు.

కానీ ఆ నలుగురు పిల్లలకీ కలిపి చిరునామా ఒకటే. ఆ పీసీకి నెట్ తగిలించిన రోజున, అవతలి సర్వర్ కంటికి ఆ బల్ల దగ్గర ఉన్నది ఒక్క పిల్లాడు. బడి మొత్తం ఒకే లైను మీద ఉంటే, బడి మొత్తం కలిపి ఒక్క పిల్లాడు. మనిషికో యంత్రం ఉన్న ఊళ్ళో కూచుని, చిరునామాకో మనిషని రాసిన ప్రోగ్రాము, యంత్రానికి నలుగురు ఉన్న ఊరి తలుపు దగ్గరికి వెళ్ళి "ఒకసారి వచ్చావుగా, మళ్ళీ ఎందుకొచ్చావ్" అంటుంది. ఆ ప్రోగ్రాము రాసేది ఎవరు? ఇక్కడ క్యారీలోనో, మారిస్‌విల్‌లోనో, శాన్ హోసేలోనో కూచున్న మనమే. ఆ బడుల్లోనో, అలాంటి బడుల్లోనో చదువుకుని వచ్చినవాళ్ళం.

సరే, మా ఇంటి కథకి వద్దాం. పరీక్ష గొడవ తేలక ముందే రెండోది మొదలైంది. ఆదివారం ఉదయం మా అమ్మాయికి సంగీతం పాఠం. పంతులమ్మగారు విజయవాడలో ఉంటారు, ఇక్కడి ఉదయం వాళ్ళకి రాత్రి. అమ్మాయి సరళీ స్వరాలు పాడుతుంటే, "గొంతు తెగి తెగి వస్తోందమ్మా, తాళం అందటం లేదు" అంటున్నారావిడ. తీరా చూస్తే పక్క సీట్లో పెద్దవాడు ఏదో ఆట తాలూకు అప్‌డేట్ దింపుకుంటున్నాడు. "ఐపోవచ్చింది పెదనాన్నా, ఇంకో నలభై గిగాబైట్లే" అన్నాడు నింపాదిగా.

వాణ్ణేమీ అనలేం. తప్పు పంపకం పద్ధతిలో ఉంది. మా క్యారీ వేంకటేశ్వరస్వామి గుళ్ళో పండగపూట పులిహోర పొట్లాలు లైనుకొకటి చొప్పున వంతులవారీగా ఇస్తున్నారనుకోండి. బుద్ధిమంతుడు ఒక లైన్లో నిలబడతాడు. ముప్ఫయ్యారుగురు చుట్టాలని ముప్ఫయ్యారు లైన్లలో నిలబెట్టినవాడు ముప్ఫయ్యారు పొట్లాలు పట్టుకుపోతాడు. వడ్డించేవాడు ఏ లైనుకీ అన్యాయం చేయలేదు. టీసీపీ పంపకం దాదాపు ఇలాంటిదే, కనెక్షన్‌ని చూస్తుంది, దాని వెనకాలున్న మనిషిని చూడదు. ఆ ఆట దింపుకునే ప్రోగ్రాము ఒకేసారి ముప్ఫయ్యారు కనెక్షన్లు తెరిచిందనీ, ఇంట్లో మిగతా నలుగురమూ తలో కనెక్షన్ వాడుతున్నామనీ అనుకుంటే, మొత్తం నలభై. వంద మెగాబిట్ల లైన్లో వాడికి తొంభై, మాకు తలా రెండున్నర. బాబ్ బ్రిస్కో అనే ఆయన 2007లో ఇదే విషయం మీద ఘాటైన వ్యాసం రాసాడు. కనెక్షన్ల మధ్య సమానత్వాన్ని ఒక మతంలా పట్టుకుని వేలాడుతున్నామనీ, ఖర్చు లెక్కపెట్టాల్సింది మనుషుల మధ్య అనీ ఆయన వాదన. నెట్‌వర్క్ వాళ్ళు చాలామంది ఆయనతో కొట్లాడారు. నాకైతే ఆ ఆదివారం పొద్దున ఆయన మాట వేదంలా వినిపించింది.

మనిషి లెక్క కాకపోయినా యంత్రం లెక్కన పంచుదామన్న ఆలోచన ఇంకా పాతది. జాన్ నేగల్ 1985లో ఆర్‌ఎఫ్‌సీ 970లో, పంపే ఒక్కో యంత్రానికీ ఒక్కో వరస పెట్టి వంతులవారీగా వదలమన్నాడు. దానికి ఇప్పటి రూపం కేక్. పేరు చూసి నవ్వకండి, 2018లో లినక్స్ 4.19తోబాటు కెర్నల్‌లోకి వచ్చిన క్యూ పద్ధతి ఇది. మామూలు ఇంటి రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకుంటే దొరుకుతుంది. లైను వేగం కన్నా కాస్త తక్కువకి బిగించాలి, అప్పుడే వరస కేబుల్ కంపెనీ డబ్బాలో కాకుండా మన డబ్బాలో ఏర్పడుతుంది, మన మాట వింటుంది. ముందు ఇంట్లోని చిరునామాల మధ్య సమానంగా పంచి, ఆ తరవాత ఒక్కో చిరునామా లోపలి కనెక్షన్ల మధ్య పంచుతుంది. మా ఇంట్లో అది ఎప్పటినుంచో ఉంది. మరి పాఠం ఎందుకు చెడింది? ఎందుకంటే ముగ్గురు పిల్లలూ ఉన్నది ఒకే చిరునామాలో. కేక్ దృష్టిలో ముగ్గురూ కలిసి ఒక్కరే. ఆ ఒక్కరి వాటా లోపల మళ్ళీ లైన్ల లెక్కే, పెద్దవాడి ముప్ఫయ్యారు లైన్లకి ఎదురుగా అమ్మాయిది ఒకటి. అదే సమయంలో కింద నా లాప్‌టాప్‌లో నేనూ ఏదైనా దింపుకుంటే లైన్లో సగం నాది, మిగతా సగం ముగ్గురు పిల్లలదీను. మూడు లాప్‌టాప్‌లు ఇచ్చి ఉంటే తలా పావు వంతు వచ్చేది. పొదుపు చేసి పిల్లల వాటా కోసానన్నమాట.

మందు ఏమిటో తేలిగ్గానే తట్టింది. ముగ్గురికీ మూడు చిరునామాలు ఇవ్వడం. ఒక నెట్‌వర్క్ కార్డుకి ఒకటే చిరునామా ఉండాలని రూలేమీ లేదు, ఎన్నైనా తగిలించవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, ఏ ప్రోగ్రాము ఏ చిరునామాతో బయటికి వెళ్ళాలో కెర్నల్‌కి చెప్పడం. 2017లో వచ్చిన లినక్స్ 4.10 నుంచి దీనికి సూటి దారి ఉంది. ఈ యూజర్ నంబరు తాలూకు ప్యాకెట్ అయితే ఈ రూటింగ్ పట్టిక చూడు అని నియమం పెట్టవచ్చు, ఆ పట్టికలో బయటికి దారితోబాటు వాడాల్సిన సొంత చిరునామా కూడా రాయవచ్చు. ముగ్గురు యూజర్లు, మూడు పట్టికలు, మూడు నియమాలు. పది లైన్ల స్క్రిప్టు. డీఎన్‌ఎస్ ప్రశ్నలు మాత్రం వేరే సర్వీసు అడుగుతుంది కాబట్టి అవి పాత చిరునామాతోనే వెళతాయి, వాటి బరువెంత లెండి. విండోస్ వాళ్ళకీ ఈ అవసరం తెలుసు. 2009లో వచ్చిన సర్వర్ 2008 ఆర్2లో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌కో ఐపీ ఇచ్చే సదుపాయం పెట్టారు.

స్క్రిప్టు పెట్టగానే రౌటర్ కంటికి మా డబ్బా ముగ్గురు మనుషులైంది. పెద్దవాడు ముప్ఫయ్యారు కాదు, మూడొందల లైన్లు తెరిచినా వాడి వాటా వాడిదే. మిగతావాళ్ళు వాడనప్పుడు లైనంతా వాడిదే, అందులో పేచీ లేదు. మరుసటి ఆదివారం పంతులమ్మగారు తాళం గురించి ఏమీ అనలేదు, శ్రుతి గురించి మాత్రం అన్నారు. దానికి నా దగ్గర స్క్రిప్టు లేదు.

ఈ ఉత్సాహంలో పరీక్ష గొడవ కూడా తీరిపోయిందనుకున్నాను. ఎంత అమాయకత్వం! ఇంట్లో మూడు చిరునామాలైతే ఏం, అన్నీ 192.168తో మొదలయ్యేవే. గడప దాటేటప్పుడు రౌటర్ వాటన్నిటినీ చెరిపేసి, కేబుల్ కంపెనీ ఇచ్చిన ఒకే ఒక్క చిరునామా రాస్తుంది. నాట్ అంటే అదే కదా, 1994లో ఆర్‌ఎఫ్‌సీ 1631తో తాత్కాలిక ఉపశమనంగా వచ్చి ముప్ఫయ్యేళ్ళుగా తిష్ఠ వేసింది. అయితే ఐపీవీ6 ఉందిగా అని అటు తిరిగాను. మా లైనుకి ఆ సౌకర్యం ఉంది. ఒక్క ఇంటికి వచ్చే 64 బిట్ల ప్రిఫిక్సులో ఐపీవీ4 ప్రపంచాలు నాలుగొందల కోట్లు పడతాయి. ముగ్గురికీ మూడు అసలు సిసలు చిరునామాలు ఇచ్చాను. ఫలితం? ఆ పోటీ సైటుకి ఐపీవీ6 లేదు. ఉన్నా ఒరిగేదేమీ లేదని తరవాత తెలిసింది. ఐపీవీ6లో యంత్రాలు చిరునామాలని తరచూ మార్చుకుంటాయి కాబట్టి, చాలా సైట్లు ఆ మొదటి 64 బిట్లనే చూసి మొత్తాన్ని ఒకే మనిషిగా లెక్కవేస్తాయి. అంటే చోటు ఎంత ఇచ్చినా మళ్ళీ డోర్ నంబరు దగ్గరికే వచ్చాం.

ఇళ్ళు ఒకటిగా కనిపించడంతో ఆగితే కొంత నయం. ఐపీవీ4 చిరునామాలు మొత్తం 429 కోట్లు. ప్రపంచ ఖజానా 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది, ఆసియా పసిఫిక్‌కి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న చివరి మూట విప్పింది, ఇక్కడ అమెరికాలో ఆరిన్ దగ్గర 2015 సెప్టెంబరు 24న అయిపోయాయి. ఆ తరవాత ఇంటర్నెట్ కంపెనీలు ఊరు మొత్తానికి కలిపి నాట్ పెట్టడం మామూలైంది. అందుకోసమే 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64 నుంచి 100.127 దాకా ఒక ముక్క విడిగా తీసిపెట్టారు. మీ అమ్మానాన్నల ఇంటి రౌటర్లో బయటివైపు ఆ అంకెలు కనిపిస్తే, వాళ్ళు పేరు తెలియని వాళ్ళెందరితోనో కలిసి ఒకే డోర్ నంబరులో కాపురం ఉంటున్నారని అర్థం.

అంతకన్నా ముందే దీని రుచి చూసినవాళ్ళు ఖతార్ వాళ్ళు. అప్పట్లో ఆ దేశపు నెట్ రాకపోకలన్నీ ఒకే బయటి చిరునామా మీదుగా సాగేవి. 2007 కొత్త సంవత్సరం రోజున ఎవరో చేసిన చెత్త మార్పులకి ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుడొకరు ఆ చిరునామాని అడ్డుకున్నారు. పేరు నమోదు చేసుకోకుండా మార్పులు చేసే వీలు కొన్ని గంటలపాటు దేశం మొత్తానికి పోయింది.

అదే 2007లో ఇంకోటి జరిగింది, దాని గురించి నవ్వలేం. ఆర్కుట్‌లో శివాజీని అవమానించే రాతలు ఎవరో పెట్టారు. పుణె పోలీసులు ఐపీ చిరునామా పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీని అడిగారు, కంపెనీ ఒక పేరు ఇచ్చింది, ఆ పేరున్న బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని ఆగస్టు నెలాఖరున ఇంట్లోంచి తీసుకెళ్ళారు. ఎరవాడ జైల్లో 50 రోజులు ఉన్నాడు. ఆ చిరునామా అతనిది కాదని తరవాత తేలింది. మనలాంటివాడే, మన లాగే ఎక్కడో కోడు రాసుకునేవాడు. చిరునామా మనిషే అన్న నమ్మకం అంత గట్టిగా లేకపోతే, ఎవరో ఒకరు మధ్యలో ఆగి రెండోసారి చూసి ఉండేవాళ్ళు కదా.

చిరునామా పంచుకునే చోట వచ్చే చిక్కులన్నీ 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6269లో ఏకరువు పెట్టారు. అదే ఏడాది వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6302, సర్వర్లు చిరునామాతోబాటు పోర్టు నంబరూ, కచ్చితమైన వేళా రాసిపెట్టుకోవాలని చెప్పింది. చిరునామా ఒక్కటే అయినా, ఫలానా క్షణంలో ఫలానా పోర్టు వాడినవాడు ఒక్కడే ఉంటాడు కాబట్టి. మీరు పనిచేసే చోట లాగ్ తెరిచి చూడండి, ఆ పోర్టు ఎంతమంది రాసుకుంటున్నారో. నేను చూసాను. నేను రాసిన దాంట్లోనే లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి, రెండూ సరైనవే. మొదటిది: చిరునామాని లెక్కపెట్టకపోతే బాట్ల గుంపుని ఆపేదెలా? నిజమే, ఆపాలి. అనుమానించడానికి చిరునామా పనికొస్తుంది. ఒకే చోటినుంచి ఎక్కువ విన్నపాలు వస్తుంటే నెమ్మదించండి, ఓ ప్రశ్న అడగండి, లాగిన్ అయినవాళ్ళని ఖాతా లెక్కన చూడండి. అనుమానం దాటి తీర్పు దాకా వెళ్ళి, ఫలితం రద్దు, ఖాతా మూత అన్నప్పుడే నాకు పేచీ. రెండోది ఇంకా బరువైనది: మనిషికో చిరునామా ఇవ్వాలంటే ప్రతి మనిషి మెడలోనూ గంట కట్టినట్టే కదా, ప్రకటనల వాళ్ళకి పండగే కదా. దీని గురించి చాలా ఆలోచించాను. మా ఇంట్లో నేనిచ్చిన మూడు చిరునామాలూ గడప లోపలివే. ఎవరెవరో నాకూ, నా రౌటర్‌కీ తెలుసు, అంతకు మించి ఎవరికీ తెలియనక్కర్లేదు. వాటాలు పంచాల్సింది, అల్లరి చేస్తే చెవి మెలిపెట్టాల్సింది ఇంట్లోనే, బళ్ళోనే, మనుషులు కళ్ళెదుట ఉన్న చోట. విస్తరులు ఎన్నో బంతిలో వడ్డించేవాడికి కనిపిస్తాయి, వీధిలో నిలబడ్డవాడికి కనపడవు. వీధిలో ఉన్నవాడు డోర్ నంబరు చూసి లోపల ఒక్కడే తింటున్నాడని తేల్చేయకుండా ఉంటే చాలు.

చాలు అన్నాను గానీ, లోపల పంచే పని కూడా ఇప్పుడు పది లైన్ల స్క్రిప్టు రాయగలిగినవాళ్ళకే సాధ్యం. అది నాకు నచ్చడం లేదు. ఓ కంప్యూటర్‌లో కొత్త యూజర్‌ని చేర్చితే హోమ్ డైరెక్టరీ దానంతటదే వస్తుంది. చిరునామా, బ్యాండ్‌విడ్త్ వాటా కూడా అలా రావాలి. చేయలేని పనేమీ కాదు. కుబర్నెటీస్‌లో ప్రతి పాడ్‌కీ సొంత ఐపీ ఇవ్వడం మనం వచ్చిన కొత్తలోనే ఒప్పుకున్నాం. అరనిమిషం బతికి చచ్చే పాడ్‌కి చిరునామా ఇస్తాం, ఏడాదంతా ఆ బల్ల దగ్గర కూచునే పిల్లకి ఇవ్వం. బడుల కోసం లినక్స్ పంపిణీలు తయారుచేసేవాళ్ళు మనవాళ్ళలో ఉన్నారు, వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే నా స్క్రిప్టు ఇస్తాను. సిగ్గుపడేంత చిన్నది, కానీ పనిచేస్తుంది.

పోటీవాళ్ళకి మూడో ఉత్తరం కూడా రాసాను. జవాబు రాలేదు. సెలవులైపోయి పిల్లలిద్దరూ షార్లెట్ వెళ్ళిపోయారు. జనవరిలో అసలు పరీక్ష. మళ్ళీ ఏ గొడవా రాకూడదని అమ్మాయి బోనస్ రూములో కాకుండా డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని, ఇంటి వైఫై ఆపేసి నా ఫోను హాట్‌స్పాట్ మీద రాసింది. ఫోను కంపెనీ వాడు తన ఐపీవీ4 చిరునామాలని ఒక్కోదాన్నీ ఎందరెందరికో కలిపి పంచుతాడు. సైటు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ముప్పైకి ఇరవయ్యేడు వచ్చాయి.